కార్లు రాని దారికి అన్నం వ్యాను

పోయిన శనివారం ఇక్కడ అమెరికాలో, చాండ్లర్ ఊళ్ళో మావారి పాత టీమ్‌లీడు గారి రిటైర్‌మెంట్ పార్టీకి వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను గానీ, మావారు పోయాక నేను నలుగురికీ మొహం చాటేస్తున్నానని వాళ్ళావిడ అంటోందని తెలిసి, ఆ మాట కూడా ఎందుకు పడాలని పట్టుచీర కట్టుకుని బయల్దేరాను. భోజనాలకు ముందు గోడ మీద తెర దించి పాత ఫోటోలు వేశారు. ఒకదాంట్లో బిగుతు నిక్కర్లు, బోర్లించిన గిన్నెల్లాంటి హెల్మెట్లు పెట్టుకున్న ఐదుగురు మగవాళ్ళు కొత్త సైకిళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. చివరన, కాస్త వెనగ్గా, నవ్వుతూ మావారు. టీమ్‌లీడు గారు మైకు అందుకుని, ఆ రోజు మావారికి షుగర్ పడిపోతే తానే డెసిషన్ తీసుకుని, తోటలోంచి ద్రాక్షపళ్ళు కోయించి ప్రాణం నిలబెట్టానని చెప్పారు. జనం చప్పట్లు కొట్టి, నేను దణ్ణం పెడతానేమోనని నా వైపు చూశారు. పోయినవాళ్ళు లేచి కాదనరు కదా అన్న ధీమా ఆయనది. అక్కడ నోరు విప్పితే పార్టీ చెడగొట్టిందంటారు కాబట్టి, నా ఈడువాళ్ళు చదివే ఈ చోట చెబుతున్నాను.

రెండు వేల ఏడో, ఎనిమిదో అయి ఉంటుంది. మావారు చిప్‌లు చేసే కంపెనీలో ఇంజినీరు. ఆ టీములో అందరి గ్రీన్‌కార్డు కాగితాలూ టీమ్‌లీడు గారి సంతకం మీదే నడిచేవి గనక, ఆయన దగ్గితే మిగతావాళ్ళు గొంతు సవరించుకునేవారు. ఆయన ఇల్లు కొన్న వీధిలోనే ఇళ్ళు కొన్నారు, ఆయన మానేశారని కాఫీ మానేశారు. ఒకసారి డాక్టరు ఆయనకు కొలెస్ట్రాల్ ఉందని చెప్పేసరికి ఆయనో ఖరీదైన సైకిలు కొన్నారు. పై వారానికల్లా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళతో సహా, టీమంతటికీ సైకిళ్ళొచ్చాయి. తెల్లవారకముందే చాండ్లర్ వీధుల్లో నాలుగు చక్కర్లు కొట్టొచ్చి, ఇక ప్రపంచయాత్రే తరువాయి అన్నట్టు మాట్లాడుకునేవారు.

ఆ ఆరంభశూరత్వంలోనే వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక కొండలోయకు ప్రయాణం పెట్టారు. ఆ లోయ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఎండాకాలం వెళ్ళిపోయే రోజుల్లో కూడా శిఖరాల మీద మంచు ఉంటుంది, అడుగున నది, నదికి అటూ ఇటూ యాపిల్, పియర్ తోటలు, ఎండ తగిలే వాలుల్లో ద్రాక్షతోటలు. ఒకప్పుడు పళ్ళు మోసిన గూడ్సు రైలు ఆగిపోతే, పట్టాలు పీకేసి ఆ దారిని సైకిళ్ళకు వదిలేశారు. దాని మీదికి కారు అన్నది రాదు. హారన్ లేదు, పొగ లేదు, వినిపించేదల్లా నీళ్ళ చప్పుడే. మా టీమ్‌లీడు గారు ఫోన్ చేసిన ప్రతివాడికీ ట్రాఫిక్-ఫ్రీ, ట్రాఫిక్-ఫ్రీ అని జపంలా వినిపించారు.

మరి అన్నమో? శాండ్‌విచ్ తిని ఒక్క పూట గడపగల మొనగాడు ఆ ఐదుగురిలో లేడు. అందుకని ఆడవాళ్ళం వ్యానులో పులిహోర, పెరుగన్నం, ఆవకాయ వేసుకుని రావాలనీ, దారి మధ్యలో మ్యాపు మీద పిక్నిక్ బల్ల బొమ్మ ఉన్నచోట పన్నెండింటికి వడ్డించాలనీ ప్లాన్ వేసి, ప్రింటు తీసి పంచారు. కార్లు రాని దారి అని మురిసిపోయినవాళ్ళే, ఆ దారి నడిమధ్యకు అన్నం కారులో రావాలని రాసుకున్నారు. ఐదుగురూ ఇంజినీర్లే. ఒక్కరికీ తట్టలేదు. తట్టినవాడెవడైనా ఉన్నా టీమ్‌లీడు గారి ప్లాన్‌లో తప్పు చూపించే గుండె వాడికి లేదు. బరువు మోస్తే స్పీడు తగ్గుతుందని ఆయన అందరి సంచులూ వ్యానులో పెట్టించారు. మావారు జేబులో దాచుకునే బిస్కెట్ల పొట్లం కూడా, ఎక్కడికి వెళ్ళినా వదలనిది, అలాగే మా వెంట వచ్చేసింది. పొద్దున షుగర్ మాత్ర వేసుకుని, కడుపు బరువైతే తొక్కలేనని అర ఇడ్లీతో లేచిన మనిషి.

మగవాళ్ళు ఎగువ కొస నుంచి సైకిళ్ళెక్కాక, నేనూ టీమ్‌లీడు గారి భార్యా వ్యాను వేసుకుని వెళితే తారురోడ్డు పాత రైలు వంతెన దగ్గర ఆగిపోయింది. అడ్డంగా ఇనుప గేటు, కార్లు రాకూడదని బోర్డు. బల్ల ఉన్నది వంతెన దాటి, ఎగువన, తోటల మధ్య. ఫోన్లకు సిగ్నల్ లేదు. మేము ఇక్కడ, వాళ్ళు అక్కడ. ఆవిడ మాత్రం ఏసీ వేసుకుని, సీటు వెనక్కి వాల్చి, "ప్లాన్‌లో ఉంది కదా, వాళ్ళే చూసుకుంటారులే" అంది. పన్నెండు దాటింది, ఒంటిగంట కూడా దాటింది. నేను ఒడిలో బిస్కెట్ల పొట్లం పెట్టుకుని గేటు వైపే చూస్తూ కూర్చున్నాను.

వ్యాను వెనక విడి సైకిలు ఒకటి కట్టి ఉంది. నేను సైకిలు ఎక్కి ఇరవై ఏళ్ళు దాటింది. మా నాన్నగారు కృష్ణా జిల్లాలో పాస్టరు. ప్రార్థనలకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిలు మీదే తిరిగేవారు. ఆయన మధ్యాహ్నం నిద్రపోయే వేళ ఆ సైకిలు తీసి, కమ్మీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కి నేర్చుకున్నదాన్ని. చున్నీ నడుముకు బిగించి, టిఫిన్ డబ్బా, బిస్కెట్లు హ్యాండిలుకు తగిలించి బయల్దేరుతుంటే ఆవిడ కిటికీ దించి, "ఈ వయసులో సైకిలేంటి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంది. చూడటానికి అక్కడ కొండలు తప్ప ఎవరున్నారు?

వంతెన మీద రెండుసార్లు పడబోయాను గానీ, అది దాటేసరికి కాళ్ళకు పాత విద్య గుర్తొచ్చింది. బల్ల దగ్గరికి చేరేసరికి మావారు దాని మీద వాలిపోయి ఉన్నారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, నన్ను చూసి ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. మిగతా నలుగురూ హెల్మెట్లతో విసురుతున్నారు. వ్యాను వస్తుందని ప్లాన్‌లో ఉందట, అందుకని ఎదురుచూస్తున్నారట! బిస్కెట్టు నోట్లో పెడితే పిండిలా పెదాల మీదే నిలిచిపోయింది, మింగలేకపోతున్నారు. వాళ్ళ నెత్తి మీదికి పియర్ కొమ్మలు వంగి ఉన్నాయి. కంచె పక్కనే నల్లద్రాక్ష గుత్తులు, చేయి చాస్తే అందేవి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అలా. పళ్ళెందుకు కోయలేదని అరిచాను. మా తోటికోడలి తమ్ముడు, అదే టీములో కొత్తగా చేరినవాడు, తల దించుకుని టీమ్‌లీడు గారి వైపు చూశాడు.

"ముట్టుకోకమ్మా! అది ప్రైవేట్ ప్రాపర్టీ. ఓనర్ కంప్లైంట్ ఇస్తే థెఫ్ట్ కేసు, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో వచ్చిందంటే అందరి గ్రీన్‌కార్డులూ గోవిందా" అన్నారాయన, మీటింగులో మాట్లాడినంత నిదానంగా.

నేను కంచె మీదుగా వంగి గుత్తి తెంపాను. ఒక్కో పండూ వేళ్ళతో నలిపి, రసం మావారి నోట్లో పిండుతూ కూర్చున్నాను. అప్పుడే తోటలోంచి ట్రాక్టర్ మీద ఒక ముసలి అమెరికన్ అమ్మ వచ్చింది. టీమ్‌లీడు గారు రెండు చేతులూ పైకెత్తి, నావైపు చూపించి, "షి ఈజ్ నాట్ విత్ అస్, మేడమ్" అన్నారు. అన్నం డబ్బా మోసుకొచ్చిన మనిషిని, తన కిందివాడి భార్యని, నోటితో అంత తేలిగ్గా ఊసేశారు. మిగిలినవాళ్ళలో ఒక్కడూ కాదనలేదు. మనుషుల మీద అసహ్యం అంటే ఏమిటో నాకు ఆ క్షణం దాకా పూర్తిగా తెలియదు. ఆ ముసలమ్మ ఆయన మాట విన్నట్టే లేదు. మావారి మొహం చూసి, తానే ఇంకో రెండు గుత్తులు కోసి నా ఒడిలో వేసింది.

కాసేపటికి మావారి కళ్ళల్లో వెలుగొచ్చింది. పులిహోర కూడా తిన్నారు. వ్యాను ఎక్కిద్దామంటే వ్యాను అక్కడికి రాదు. మిగతావాళ్ళకు అన్నం ఎక్కడుందో తెలిసింది కాబట్టి, మళ్ళీ షుగర్ పడిపోతే ఎవరు చూస్తారన్న ఆలోచన కూడా లేకుండా ముందు తొక్కుకుంటూ పోయారు. మేమిద్దరం వెనక మెల్లగా దిగాం. రైలు దారి గనక వాలు నెమ్మదిగా ఉంటుంది, తొక్కే పని లేదు. పియర్ల వాసన, నీళ్ళ చప్పుడు, చెట్ల నీడలు. అమెరికా వచ్చాక మేమిద్దరం అంత నిశ్శబ్దంలో పక్కపక్కన ఉన్నది అదే మొదలు.

"నీకు సైకిలొచ్చని ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నారు.

"మీరెప్పుడడిగారు?" అన్నాను. సైకిలు ఆపి మరీ నవ్వారు.

ఇప్పుడు ఆ నలుగురికీ పౌరసత్వాలొచ్చాయి. ఏటా టికెట్లు కొనుక్కుని తోటల్లోకి వెళ్ళి, పిల్లల్ని భుజాలకెత్తుకుని పళ్ళు కోస్తూ ఫోటోలు దిగుతారు. భయం పోయింది గనక ధైర్యవంతులయ్యారు, ధైర్యం వచ్చింది గనక ఆ రోజు కూడా ధైర్యంగానే ఉన్నామని నమ్ముతున్నారు. నమ్ముకోనీ. పార్టీలో బల్ల మీద గాజుగిన్నె నిండా ద్రాక్షపళ్ళు పెట్టారు. నేను ఒక్కటీ ముట్టలేదు.

ఆ రోజు వంతెన దగ్గర దారి సన్నబడితే మావారు ముందు వెళ్ళారు. సగం దాటాక సైకిలాపి, నేను వస్తున్నానా లేదా అని వెనక్కి తిరిగి చూశారు. అప్పటికీ ఆ తర్వాతా ఎన్ని వేల మైళ్ళు ఆయన పక్క సీట్లో కూర్చుని తిరిగానో. కారులో ఉన్న మనిషి కోసం ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఆయన నాకోసం అలా చూడటం ఆ ఒక్కసారే, అదీ ఆ దద్దమ్మల ప్లాన్ పుణ్యమా అని.