నా సినిమా బాలేదని నేనే చెప్పిన శుక్రవారం

మైకు నా మూతి ముందుకు వచ్చేసింది, నేను అప్పటికే సగం మాట్లాడేశాను.

"ఫస్టాఫ్ మొత్తం హాస్టల్‌ల నూడుల్స్ వండుడే అక్కా. సెకండాఫ్‌ల హీరో ఏడుస్తనే ఉన్నడు, ఎందుకేడుస్తుండో వానికే తెల్వది. నాకైతే తలకాయ నొచ్చింది."

మైకు పట్టుకున్న యాంకరక్క పడీ పడీ నవ్వుతోంది. "రేటింగ్ ఎంతిస్తవ్ చెల్లే?"

"రేటింగా? ఇంటర్వెల్ల సమోస మంచిగుండె. గంతే."

చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. అప్పుడు కనబడ్డారు, కెమెరా వెనకాల, చేతిలో స్వీట్ల డబ్బాతో డైరెక్టర్ సార్. అప్పటికి గానీ నాకు గుర్తు రాలేదు, ఆ సినిమాలో నేను కూడా ఉన్నానని.

గుర్తు రాలేదంటే ఎవరూ నమ్మరు. మా అమ్మే నమ్మలేదు. కానీ జరిగింది అదే.

మేముండేది బోరబండలో. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు బిల్డింగు కింద, ఫుడ్ కోర్టులో జ్యూస్ కౌంటర్ నాది. డ్యూటీ మధ్యాహ్నం ఎక్కుతుంది. అందుకని శుక్రవారం పొద్దున్నే కొత్త సినిమా చూడటం, బయటికొచ్చి యూట్యూబ్ వాళ్లకు పబ్లిక్ టాక్ చెప్పడం నాకు అలవాటైపోయింది. ఇంటర్ కూడా పాస్ కాని నన్ను ఎవరైనా అభిప్రాయం అడిగేది అక్కడొక్కచోటే. నేను ఎవరిదో సినిమాను తిట్టిన వీడియో చూసే సార్ నన్ను వెతుక్కుంటూ కౌంటర్ దాకా వచ్చారు. "ఇలాగే మాట్లాడమ్మా, ఏమీ మార్చకు" అని హీరోయిన్ రూమ్మేట్ వేషం ఇచ్చారు. పదకొండు రోజులు చేశాను. నేను నోరు తెరిస్తే లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా నవ్వేవారు.

తీరా థియేటర్లో చూస్తే నా నోరు కదులుతోంది, మాట్లాడేది మాత్రం ఇంకెవరో. నేను "ఏందే, గిట్ల చేస్తివి" అన్నచోట "ఏంటే, ఇలా చేశావ్" అని సన్నగా, తీయగా వినబడింది. డబ్బింగ్ వేరేవాళ్లతో చెప్పించారని నాకెవరూ చెప్పలేదు. చిన్న వేషాల వాళ్లకు ఎవరు చెబుతారు? ఆ గొంతు విన్నాక తెర మీద ఉన్నది నేను కాదనిపించింది. మిగతా సినిమా అంతా ఎవరిదో సినిమా చూసినట్టే చూశాను, ఎవరిదో సినిమా గురించి చెప్పినట్టే చెప్పాను. కోపం కూడా కొంచెం ఉంది, లేదనను. కానీ సినిమా నిజంగానే బాలేదు.

నేను కౌంటర్ తెరిచేసరికే ఎవరో నన్ను పోల్చుకుని కామెంట్ పెట్టేశారు. వీడియోకి కొత్త పేరు వచ్చింది: "సొంత సినిమాని ఉతికి ఆరేసిన నటి". మెడలో ఐడీ కార్డులేసుకున్న ఆఫీసువాళ్లు బత్తాయి జ్యూస్ చెప్పి, నా మొహం చూసి, "మీరే కదండీ! భలే చెప్పారు, మా టికెట్ డబ్బులు మిగిలాయి" అంటున్నారు. ఒకాయన సెల్ఫీ కూడా అడిగాడు.

పెద్ద హీరోలు ఎప్పటివో వాళ్ల సినిమాల గురించి ఇంటర్వ్యూల్లో "అది చేసి ఉండాల్సింది కాదు" అని నవ్వుతూ అంటారు. అబ్బ, ఎంత నిజాయితీ అని జనం మెచ్చుకుంటారు. వాళ్ల సినిమాలు అప్పటికే ఆడేసి ఉంటాయి. నేను మొదటి ఆట వదిలిన పది నిమిషాలకే అన్నాను.

సాయంత్రం నాలుగింటికి సార్ వచ్చారు. తిడతారనుకున్నాను. కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడ్డారు.

"సార్, ఆ వీడియో తీసెయ్యమని ఛానెల్ వాళ్లను నేను అడుగుత సార్. కాళ్లు పట్టుకోని అడుగుత."

"నేను అడిగానమ్మా. నువ్వు ఇంకో ఇంటర్వ్యూ ఇస్తే ఆలోచిస్తారట."

"ఏమని ఇయ్యాలె?"

"సినిమా ఎందుకు బాలేదో ఇంకాస్త వివరంగా చెప్పాలట." ఆయనే నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"మీరు తిట్టినా బాగుండు సార్."

"ఎందుకు తిట్టాలి? నువ్వు చెప్పినవన్నీ నాకు ఎడిటింగ్‌లోనే తెలుసు. ఈ సినిమా కోసం ఉద్యోగం మానేసి ఐదేళ్లయింది. తెలిసినా ఆపలేకపోయాను." కౌంటర్ మీది నుంచి మోచేతులు తీసి అన్నారు, "నీ గొంతు తీసేద్దామని నిర్మాతలు అన్నప్పుడు కూడా నేను గట్టిగా వద్దనలేదు. అది నా తప్పు."

ఊళ్లో షోలన్నీ తీసేశారట. రేపు పొద్దున్న పదింటి ఆట ఒక్కటే మిగిలింది. దానికి జనం వస్తే ఆదివారం ఉంచుతారు, లేకపోతే ఇక అయిపోయినట్టే. ఆ మాట చెప్పి, జ్యూస్ ఇచ్చినా ముట్టకుండా వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికే వెళ్లి టికెట్ కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఏ సినిమాకు పోదామా అని బోర్డు చూస్తున్న ఒక జంట దగ్గరికి వెళ్లి, మా సినిమా పేరు చూపించి, "అన్నా, గీ సినిమా మంచిగుంటది, పోండ్రి" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నిన్న బాలేదన్నది నువ్వే కదా?"

"నేనే అక్కా. నిన్న అబద్ధం చెప్పిన."

"మరి ఇయ్యాల?" అన్నాడు ఆయన. ఇద్దరూ నవ్వుకుంటూ పక్క సినిమాకి టికెట్లు తీసుకున్నారు. నేను ఇంకొకరి దగ్గరికి వెళ్లాను, ఆ తర్వాత ఇంకొకరి దగ్గరికి. పదింటికి ఐదు నిమిషాల ముందు, ఒక్క టికెట్టూ తెగలేదని ఆట ఆపేసి, బోర్డు మీద మా సినిమా పేరు తీసేసేదాకా, వచ్చిన వాళ్లందరినీ అడుగుతూనే ఉన్నాను.