ఆపి ఉంచిన ప్యాకేజీ

ఈ ఉదయం కాఫీ తాగుతుండగా నా ఫోను తనంతట తానే ఏవో కొత్తవి దింపుకొని, పాతవి తీసేసి, అంతా అయ్యాక ఒక్క ముక్కలో నాకు తెలియజేసింది. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఈ యంత్రాలు మనల్ని అడిగి చేసేవి.

రాజాంలో మా మేనమామ నడిపే పఠనమందిరానికి ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరు ఉండేది, దాన్ని నడిపించేది విండోస్ కాదు, లినక్సు. నాకు నేర్పినవాళ్లెవరూ లేరు. ఆ మందిరంలోనే దొరికిన, లినక్సు గురించిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకొని మూడుసార్లు చదివాను. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. ప్రతి ప్రోగ్రామూ ఒక ప్యాకేజీగా వస్తుందనీ, తనకు తోడుగా ఇంకేమి కావాలో చెప్పే చీటీ వెంట తెచ్చుకుంటుందనీ, ప్యాకేజీ మేనేజరు ఆ చీటీ చదివి అన్నిటినీ వరసగా తెచ్చి సర్దుతుందనీ అలాగే తెలుసుకున్నాను. మందిరంలో నెట్ లేదు గనుక కావలసినవి కాగితం మీద రాసుకొని, విజయనగరం బస్సెక్కి, నెట్ సెంటరులో సీడీకి ఎక్కించుకొని వచ్చేవాణ్ణి. తీరా చూస్తే వాటిలో ఒకటి మరొకదాన్ని అడిగేది, మళ్లీ బస్సు.

మావయ్య ఆ కంప్యూటరులో ఒక ప్రోగ్రాము తెరిచి పుస్తకాల జాబితా ఎక్కించేవాడు. పేరూ నంబరూ అయ్యాక, పుస్తకం తిరిగిచ్చినవాళ్లు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసేవాడు. "రెండు పూటలు అన్నం సయించలేదు" అని ఒకరు, "ఆకరి పేజీ లేకపోతే బాగున్ను" అని ఇంకొకరు.

ఒకసారి నేను అప్‌డేట్ చేస్తే ఆ జాబితా రెండు రోజులు తెరుచుకోలేదు. పాత ప్రోగ్రామును తిరిగి పెట్టేదాకా మావయ్య సరిగా భోజనం చెయ్యలేదు.

"ఒరే, సక్కగా ఉన్నదాన్ని కెలకడవేటి? మరి ముట్టుకోకు."

పుస్తకంలో దానికీ ఉపాయం ఉంది. ఒక ప్యాకేజీని కొత్త వెర్షనుకు కదలకుండా ఆపి ఉంచవచ్చు. జాబితా ప్రోగ్రామును అలా ఆపాను. దీన్ని ఆపి ఉంచారు సుమా అని కంప్యూటరు ప్రతిసారీ చెబుతూనే ఉంది. దాని కోసం దాని తోడు ప్యాకేజీలూ ఆగాయి. ఏళ్లు గడిచి, కంప్యూటరంతా అక్కడే ఆగిపోయి, ఒకనాడు చెడిపోయింది.

డిస్కు బతికింది, ఫైలూ దొరికింది. కానీ ఆ పాత ప్రోగ్రాము కొత్త కంప్యూటరులో నడవదు, దాని ప్రతి కొత్త వెర్షనూ తన ముందటి వెర్షను ఫైలునే అర్థం చేసుకోగలదు. మధ్య వెర్షన్లన్నీ నేను వదిలేశాను, వెతికితే పాతబడ్డాయని అన్నిచోట్లా తీసేశారు.

"అంత లావు పుస్తకం సదివినావు, అందులో ఇది రాయలేదేటిరా?" అన్నాడు మావయ్య.

రాసే ఉంది. ఆపడం కొద్దికాలానికే అన్న వాక్యాన్ని మూడుసార్లూ చదివాను.

మావయ్య పోయిన మరుసటేడు నెల్లిమర్ల నుంచి ఒకామె వచ్చింది. జూట్ మిల్లులో పనిచేసిన ఆమె భర్త మా దగ్గర పుస్తకాలు తీసుకెళ్లేవాడట, తన మాటలు మావయ్య రాసి పెట్టేవాడని ఇంట్లో చెప్పేవాడట, ఆయనా పోయాడట.

"నాకు సదువు రాదు బాబూ. మా ఆయన ఏటన్నాడో ఓపాలి సదివి ఇనిపించవా?"

యంత్రం పాడైందన్నాను.

"బాగయ్యాక కబురెట్టు, వస్తాను."

అలాగేనన్నాను. అది బాగుపడదని తెలిసే అన్నాను.

మందిరంలో ఇప్పుడున్న కంప్యూటరు ఏ పుస్తకం ఏ అరలో ఉందో క్షణంలో చూపిస్తుంది. తిరిగిచ్చేవాళ్లు పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోతారు.