చిన్నరసం చెట్టు కింద స్నానం

మా ముత్తాతగారు తిరువూరు చుట్టుపక్కల ఊళ్లకు పెద్దమనిషి. వినగడపలో గట్టు తగువు వచ్చినా, పెనుగొలనులో అన్నదమ్ములు విడిపోయినా మా అరుగు మీదికే వచ్చేవారు. మా తాతగారు మునసబు. ఆయన వీధిలో నడుస్తుంటే కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. ఇప్పుడు నేనుండేది అద్దె వాటాలో. అయినా వీపు వంచి కూర్చోవడం నాకు ఈనాటికీ చేతకాదు.

మొన్న పొద్దున, చలి ఇంకా ముదరకుండానే, మా వైపు అంతా కరువనీ, ఈ శీతాకాలంలో వాన ఆశ లేదనీ టీవీలో చెబుతున్నారు. అంతలో ఒకప్పటి మా పొరుగు మిల్లు షావుకారుగారి మనవడు గుమ్మంలోకి వచ్చాడు. "బాబాయిగారూ, మీ తాతగారు స్నానానికి ఏ దిక్కుకి తిరిగి కూర్చునేవారండి?" అని అడిగాడు. నేను టీవీ కట్టేశాను.

నా చిన్నతనంలో ఒక ఏడు ఇలాగే వానలు మొహం చాటేశాయి. కార్తీకంలోనే మా పెరటి తోటలో బావి అడుగు కనబడింది. వాకిట్లో చేదబావి నీళ్లు వంటకీ స్నానాలకీ బొటాబొటీగా సరిపోయేవి. తోటలో మా నాయనమ్మ తన పుట్టింటి నుంచి అంటు తెచ్చి నాటుకున్న చిన్నరసం మామిడి చెట్టు ఒకటి ఉండేది. దాని ఆకులు అప్పటికే వేలాడుతున్నాయి. వేసవి దాకా బతకదని చూసినవాళ్లంతా అన్నారు. నాయనమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి ఆ మాను మీద చెయ్యి వేసి వచ్చేది. తోట పక్కనే మిల్లు షావుకారుగారి బోరు. గొట్టం వేసి నీళ్లిస్తానని ఆయన మనిషిని పంపితే, "మునసబు తోటకి పక్కింటి నీళ్లా?" అని తాతగారు ఆ మనిషికి మజ్జిగ ఇప్పించి మరీ పంపేశారు.

నాయనమ్మ వాదించలేదు. మర్నాడు చెట్టు మొదట్లో రాతిపలక వేయించింది.

"ఇవాళ్టి నుంచి అందరికీ స్నానం ఇక్కడే. సబ్బు లేదు, సున్నిపిండే."

"నేను కూడానా?" అన్నారు తాతగారు.

"మీరే ముందు. ఒళ్లు పెద్దది, చెట్టుకి నీళ్లెక్కువ పడతాయి."

చుట్టూ పంచెలు కట్టారు గానీ, గాలికి అవి ఎటు ఎగిరేవో వాటికే తెలియదు. ఒకరోజు షావుకారుగారు గొట్టం సంగతి మళ్లీ మాట్లాడదామని నేరుగా తోటలోకే వచ్చేశారు. తాతగారు ఒంటినిండా సున్నిపిండితో, నిటారుగా, కచేరీలో కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు.

"ఏంటండి మునసబుగారూ, చెట్టు కింద?"

తాతగారు తడుముకోలేదు. "మా ఇంటి ఆచారమండి. కరువు ఏడు ఇంటిపెద్ద స్నానం పళ్లచెట్టు కిందే."

పెరటి తలుపు వెనక నాయనమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. షావుకారుగారు మాత్రం గొట్టం మాట మరిచిపోయి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా, బోరు నిండా నీళ్లున్న ఆ పెద్దమనిషి తన జామచెట్టు కింద పీట వేసుకుని వణుకుతూ స్నానం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి వీధిలో మిగతావాళ్లూ. ఇక తాతగారికి మానే దారి లేకపోయింది. చలి ముదిరి, పళ్లు టకటకలాడుతుంటే, "ఆచారం కదండీ, తప్పకూడదు" అంటూ నాయనమ్మ ఇంకో చెంబు పోసేది.

చెట్టు బతికింది. మాఘంలో పూత కూడా పట్టింది. వేసవిలో కాసినవి నాలుగు కాయలే అయినా, మొదటి పండు షావుకారుగారింటికే పంపించారు తాతగారు.

"తూర్పుకి," అని చెప్పాను ఆ మనవడికి. నిజానికి తాతగారు నాయనమ్మ నవ్వు కనబడని వైపుకి తిరిగేవారు.

"రేపట్నుంచి మొదలుపెడతానండి. చిన్నరసం మళ్లీ వాడిపోతోంది. మా నాన్నగారు కూడా ఇలాంటి ఏడు మానేవారు కాదు," అని వెళ్లిపోయాడు. కాలం మన చేతిలోంచి లాక్కున్నవాటిని ఒక్కోసారి పక్కింట్లోనే భద్రంగా ఉంచుతుంది కాబోలు. ఆ తోటను మా నాన్నగారు, బావీ చెట్లూ రాతిపలకతో సహా, ఆ అబ్బాయి తండ్రికే అమ్మారు.