మంచు దేశానికి వేరుశనగ పుస్తకం

నిన్న బెంగళూరులో ఒక బైండింగ్ కొట్టు ముందు నిలబడితే, ఉడికిన మైదా గంజి వాసన తగిలింది. వెంటనే కుళ్ళాయప్ప సార్ గుర్తొచ్చారు. ధర్మవరంలో నేను చదువుకునే రోజుల్లో అక్కడి గ్రంథాలయం ఆయనే చూసుకునేవారు. చిరిగిన పుస్తకాలకు స్వయంగా గంజి కాచి అట్టలు అంటించేవారు. మాది బత్తలపల్లి దగ్గర పల్లె. సాయంత్రం బస్సు వచ్చేదాకా నేను గ్రంథాలయంలోనే కూర్చునేదాన్ని. ఒకసారి డిటెక్టివ్ నవల అడిగితే, దానితో పాటు గొర్రెల జబ్బుల పుస్తకం కూడా చేతిలో పెట్టారు. "మీ గొర్రెలకు గాలికుంటు వచ్చిందంటివి కదా. ఇది మీ నాయనకు సదివి వినిపించు," అన్నారు. నేనెప్పుడో మాటవరసకు చెప్పింది ఆయన మనసులో పెట్టుకున్నారు. ఆయన ఇచ్చే పుస్తకానికి ఏదో కారణం ఉంటుందని ఆ రోజే నాకు నమ్మకం కుదిరింది.

రెండేళ్ళ క్రితం మా ఆఫీసు వాళ్ళు నాతో కలిపి ఎనిమిది మందిని ఆస్ట్రియాకు, మంచు కొండల మీద స్కీయింగుకు పంపించారు. వెళ్ళేముందు ఏం చదవాలని స్నేహితులను అడిగితే తలా ఒకటి చెప్పారు. ఒకరు ఆ కొండల చరిత్ర అన్నారు, ఒకరు హత్య కథలు అన్నారు, ఇంకొకరు పడకుండా జారడం నేర్పే పుస్తకం అన్నారు. నాకు ఏదీ తేలలేదు. వడగళ్ళు తప్ప మంచు ఎరగనిదాన్ని, లోపల భయం కూడా ఉంది. చివరికి ధర్మవరంలో సార్ ఇంటికి వెళ్ళాను.

"యాడికి పోతాండావు పాపా?"

"మంచు మీద జారేకి సార్."

"జారేదానికి అంత దూరం పోవల్లా?" అని లోపలికి వెళ్ళి, వేరుశనగ సాగు మీద ఒక పాత పుస్తకం తెచ్చారు.

"దీంట్లో మంచు యాడుంది సార్?"

"సదువు. ఆడ పనికొస్తాది."

గేటు దాకా వచ్చిన ఆయన భార్య గొంతు తగ్గించి చెప్పింది. "ఏమనుకోవాకు పాపా. ఈ మధ్య ఎవరొచ్చినా అదే ఇస్తాండాడు."

తిరిగి ఇచ్చేయాలా, ఉంచుకోవాలా? ఉంచుకున్నాను.

ఆస్ట్రియాలో మొదటి రోజే నాలుగుసార్లు పడ్డాను. సాయంత్రం మేం దిగిన బస హాల్లో ఆ పుస్తకం తిప్పుతుంటే, మాకు నేర్పించే హెల్గా అనే పెద్దావిడ అందులోని బొమ్మలు చూసి ఏమిటని అడిగింది. విత్తనం ఇంట్లో పెట్టుకుని వాన కోసం ఎదురుచూసే మా నాయన గురించి చెప్పాను. "మేమూ ఆకాశం వైపే చూస్తాం. నువ్వు ఇవాళ జారింది యంత్రంతో చల్లిన మంచు. ఈ ఏడు ఇక్కడ మంచు కురవలేదు," అంది. మర్నాడు నన్ను తన పక్కనే ఉంచుకుని నేర్పింది. ఆ రోజు ఒక్కసారే పడ్డాను.

తిరిగొచ్చి ఇదంతా చెబుదామని సార్ దగ్గరికి వెళ్ళాను. "మంచు పడినాదా ఆడ?" అని ఆయనే అడిగారు. గుర్తుందన్నమాట అని ఉత్సాహంగా మొదలుపెట్టాను. సగంలోనే లేచి లోపలికి వెళ్ళి, అదే పుస్తకం ఇంకో ప్రతి తెచ్చి ఇచ్చారు. "సదువు పాపా. పనికొస్తాది."

ఆయన తెలిసి ఇచ్చారో, మరచి ఇచ్చారో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు. పోయిన వారం ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, మంచు దేశానికి వెళ్తున్నాను, ఏం చదవమంటారని అడిగింది. ఏదో పేరు చెప్పబోయి ఆగాను. "మీ ఊళ్ళో ఏం పండుతుంది?" అన్నాను. ఆ అమ్మాయి నావైపు అయోమయంగా చూసింది.