పెరటి ఆటకు ఏటిసూతకం లేదు

నా భార్య పోయింది. ఈ ఆశ్వయుజంలో, ఏలూరులో మా ఇంట్లోనే, టైఫాయిడు జ్వరంతో పోయింది. ఎండలో ఆడపిల్లల వెంట పరుగులు పెట్టి పోయిందని ఊళ్ళో అనుకుంటున్నారు. డాక్టరు అలా అనలేదు. ఆ నెలలోనే, ఆ జ్వరంతోనే, మా వీధిలో ఒక గుమాస్తాగారు కూడా పోయారు. ఆయన కుర్చీ దిగి నాలుగడుగులు వేగంగా నడవగా ఎవరూ చూడలేదు. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే నేను రాయబోయే మిగతాది పాఠకులకు పట్టదు.

ఆమె మా పెరట్లో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పేది. జీతం లేదు. ఎవరూ చెయ్యమనలేదు. చిన్నతనంలో మిషను బడి బోర్డింగులో ఉండి ఆ ఆట నేర్చుకుంది. ముదినేపల్లి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో పెరడంతా ఒకసారి చూసి, "ఏవండీ, ఆ అరటిచెట్లు తీయించేద్దామా?" అని అడిగింది. పూలమొక్కలు వేస్తుందనుకుని సరేనన్నాను. రెండు సరుగుడు గుంజలు పాతించింది. వాటి తలల మీద బల్లచెక్కలు, చెక్కలకు ఇనప వలయాలు బిగించింది.

వలయాలకు వలలు కావాలి. కొల్లేటి లంక నుంచి మా ఇంటికి చేపలు తెచ్చే ముసలాయనకు ఆ పని చెప్పి, అడుగు ఉండకూడదంది. ఆయన చక్కగా అల్లి, అడుగు మూసి తెచ్చాడు. వేసిన బంతి వేసినట్టే పైన ఉండిపోయింది.

"కన్నం ఉంచమన్నాను కదా," అంది.

"అన్నారండి. పొరపాటున అన్నారనుకున్నానండి. అడుగు లేని వల అల్లి ఇచ్చానంటే మా వియ్యంకుడు కూడా నవ్వుతాడండి."

"ఇదేం చేపలు పట్టడానికా?"

"పట్టనప్పుడు వల దేనికండి, అమ్మగారూ?"

ఆమె కత్తెర తెచ్చి ఆయన చేతికివ్వబోయింది. ఆయన పుచ్చుకోలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమే కోసింది.

పిల్లలు లేని లోటు అలా తీర్చుకుంటోందని చాలామంది జాలిపడ్డారు. మాకు పిల్లలు లేని మాట నిజం. తక్కినది నిజం కాదు. ఆమెకు ఆ ఆట ఇష్టం. నా స్నేహితులు పేకాట ఆడితే ఏ లోటు తీర్చుకుంటున్నారని ఎవరూ అడగలేదు.

కొంగు బిగించి నడుముకు దోపేది. తోలుబంతి ఎండకు పగలకుండా ఆదివారాలు ఆముదం రాసేది. వంట చేస్తూ కూడా మణికట్టు తిప్పుతూ ఉండేది, లేని బంతిని విసురుతున్నట్టు. పిల్లలను పొగిడేది కాదు. బాగా వేసిన పిల్లతో "మళ్ళీ వెయ్యి" అనేది. వెయ్యలేని పిల్లతోనూ అదే మాట.

పిల్లలు ఎక్కువ రోజులు నిలిచేవారు కారు. సంబంధం కుదరగానే తల్లి వచ్చి గుమ్మంలో నిలబడేది.

"అమ్మాయికి ముహూర్తం పెట్టుకున్నామండీ. ఇక మాన్పిస్తాం."

"చాలా సంతోషమండీ. ఎప్పుడు?"

"మాఘంలో."

"అయితే మాఘందాకా పంపండి."

ఆ మాట మెల్లగా అనేది. కొందరు కోపం తెచ్చుకుని వెళ్ళేవారు. కొందరు పంపేవారు.

ఒకసారి పిల్లలను తీసుకుని పాసెంజరు బండిలో తాడేపల్లిగూడెం వెళ్ళాం. అక్కడి పిల్లలతో పోటీ. ఒక రైసుమిల్లులో ధాన్యం ఆరబోసే చప్టా మీద ఆట. ప్రహరీ ఎక్కి కూర్చున్న మగవాళ్ళు ఈలలు వేశారు. "ఒరేయ్, ఆడకుస్తీ రా!" అని ఒకడు కేక పెట్టాడు. నేను లేవబోయాను. ఆమె అప్పటికే గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఎండలో ఎందుకండీ, బాబూ? ఇటు నీడ ఉంది, దిగి కూర్చోండి. కేకలు వెయ్యాలనుంటే మా ఏలూరు పిల్లల పక్షాన వెయ్యండి. మాకు ఇక్కడెవరూ లేరు."

ఇద్దరు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు దిగి నీడలో కూర్చున్నారు. కాని గూడెం పక్షానే కేకలు వేశారు. మేం ఓడిపోయాం. ఏడుస్తున్న పిల్లలతో ఆమె, "లేవండే, బండి వేళైంది. ఏడ్చేవాళ్ళు బండిలో ఏడవచ్చు," అంది.

పెదకర్మ అయ్యాక, పెంటపాడు నుంచి వచ్చి ఉన్న మా అక్కయ్య ఆ గుంజలు పీకించెయ్యమంది.

"ఏటిసూతకం ఉన్న ఇంట్లో ఆటలేమిట్రా? ఏడాది వెళ్ళనీ. తరవాత చూద్దువుగాని."

"ఏడాదికి ఈ పిల్లలుండరు."

"వేరేవాళ్ళొస్తారు."

"వచ్చినా నేర్పేదెవరు? ఆవిడ లేదు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చూపించాలి. పెద్దవాళ్ళందరికీ ఈ ఏడే పెళ్ళిళ్ళు."

"ఆడదిక్కు లేని కొంపకు పిల్లల్ని ఎవరు పంపుతారు? వీధిగుమ్మం ఎక్కి, చావు జరిగిన ఇంట్లోంచి నడిచి పెరట్లోకి పోవాలి. ఏ తల్లి ఒప్పుకుంటుందిరా?"

ఆ మాట నిజం. మా పెరట్లోకి ఇంట్లోంచి తప్ప దారి లేదు. వెనక సందు ఉంది. మధ్యలో గోడ.

మర్నాడు కూలీలను పిలిచి ఆ గోడ పడగొట్టించాను. తలుపు పెట్టించలేదు. ఇంటి పెరటి గుమ్మానికి లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి అక్కయ్య చేతిలో పెట్టాను. సూతకం ఇంటికి. పెరడు ఇప్పుడు సందులో కలిసింది.

"నీ వకీలు బుద్ధి పోలేదురా," అంది.

"నా దగ్గర ఇంకేం మిగిలింది?" అన్నాను. ఆవిడ తాళంచెవి కొంగున ముడివేసుకుంది.

నా భార్య దగ్గర మొదట్లో నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు బాలికల బడిలో పంతులమ్మ. శనివారం సాయంత్రాలు తను వస్తానంది. "మీరు ఇంట్లో ఉంటారా అండీ?" అని అడిగింది. ఉండనన్నాను. "అదే మంచిదండీ. ఏమీ అనుకోకండి," అంది. అనుకోలేదు. ఆ వేళకు కాలవగట్టు మీదికి పోతానని చెప్పాను.

గోడ పడగొట్టినందుకు మునిసిపాలిటీలో అర్జీ పెడతామని ఇద్దరు పెద్దలు కబురు చేశారు. గోడ నాది. సందు మునిసిపాలిటీది. పెట్టుకోవచ్చు. గుంజలు మాత్రం తియ్యను.

మొదటి శనివారం ఎవరూ రారని అక్కయ్య అంది. నాకూ అలాగే అనిపించింది. చెప్పినట్టే కాలవగట్టు మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాను. ఆట ముగిసి ఉంటుందనుకుని వెనక సందు మీదుగా వీధిగుమ్మానికి బయలుదేరాను. ముగియలేదు. కూల్చిన ఇటుకల కుప్ప ఇంకా అక్కడే ఉంది. దాని మీద తల్లులు వరసగా కూర్చున్నారు. నన్ను చూసి కొంగులు సర్దుకున్నారు. ఎవరూ లేవలేదు. లోపల బంతి నేలకు కొట్టుకుంటున్న చప్పుడు. వాళ్ళ తలలన్నీ ఒక్కసారిగా ఎడమకు తిరిగాయి, కుడికి తిరిగాయి, పైకి లేచి ఆగాయి. నేను ఆట చూడలేదు. దూరంగా నిలబడి ఆ తలలను చూశాను.