కనుబొమ్మలో పుట్టిన పొగరు

మా ఆఫీసు మెస్సుకు వంటమనిషిని ఎంచే పని నాకు అప్పగించారు. వేళలూ లెక్కలూ తప్పనివాడినని నాకున్న పేరే దానికి కారణం. నిబంధన కూడా నేనే పెట్టాను: పదింటికి సరుకులు ఇస్తాం, పన్నెండున్నరకు రుచి చూసి పదికి మార్కులు వేస్తాం.

గురువారం వాకాడు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడ వండిపెట్టే రొయ్యల కంపెనీ క్యాంటీను మూతపడి రెండు నెలలైంది. ఈ పని రాకపోతే ఊరొదిలి చెన్నై పోవాల్సిందేనని వచ్చీరాగానే చెప్పింది. మామిడికాయ వేసి వంజరం చేపల పులుసు పెట్టింది.

"రేపు పొద్దున తిని మార్కులేయండి సార్. పులుపు ఇంకా ముక్కకు పట్టలా. నెల్లూరోళ్ళు, మీకు నేను చెప్పాల్నా?" అంది.

చెప్పనక్కర్లేదు. రాత్రంతా నానితేగాని ఆ పులుసు పులుసు కాదని ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నేను ఒక్క చెంచా చప్పరించి, ఎడమ కనుబొమ్మ ఎత్తి, ఆవిడ చూస్తుండగానే నాలుగు వేశాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది.

ఆవిడ వెళ్ళాక, నాతోపాటు రుచి చూసిన సహోద్యోగిని అంది: "నీ మొహానికి ఇంగ్లీషులో ఒక మాట ఉందన్నా. సూపర్‌సీలియస్."

"పొగరనేగా?"

"ఉత్త పొగరు కాదు. పోయి డిక్షనరీ చూసుకో."

చూశాను. లాటిన్‌లో 'సూపర్' అంటే పైన, 'సీలియం' అంటే కనురెప్ప. రెప్పకు పైనున్నది కనుబొమ్మ. ఎదుటివాణ్ణి అల్పుడిగా చూసేటప్పుడు అది లేస్తుంది కనుక, ఆ గర్వానికి దాని పేరే పెట్టారు. మనవాళ్ళు ఏకంగా కళ్ళనే నెత్తికెక్కించారు. లాటిన్‌వాళ్ళు కనుబొమ్మ దగ్గర ఆగారు. కొలత తెలిసినవాళ్ళనిపించింది. డైరీలో ఆ మాట, దాని పుట్టుక, కింద ఆవిడకు వేసిన నాలుగు రాసుకున్నాను. సిగ్గుపడ్డట్టు ఎక్కడా రాసుకోలేదు.

శుక్రవారం ఉదయం మెస్సు ఫ్రిజ్‌లోని ఆ పులుసుతోనే అన్నం తిన్నాను. మూడుసార్లు వడ్డించుకున్నాను. పదికి తొమ్మిదిన్నర మార్కులకు తగ్గదు. రిజిస్టర్‌లో ఆవిడ ఫోన్ నంబరుంది. అంతకుముందు వండి ఆరు మార్కులు తెచ్చుకున్న ఇంకో వంటాయనకు పని ఇచ్చామని నేనింకా కబురు పంపలేదు. పదిన్నరకు ఆయనకే పంపాను.

నాలుగింటికి ఆవిడే ఫోన్ చేసింది.

"తిన్నారా సార్?"

"పని వేరేవాళ్ళకు ఇచ్చేశామమ్మా."

"అది కాదు సార్ నేనడిగేది. పులుసు ఎట్లుండింది?"

"నిన్న వేసిన మార్కులే మార్కులు."

"గిన్నెలో ఏమన్నా మిగిలిందా సార్?" అంది.

లేదన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది.