పూజకు పడుకున్న వైఫై పెట్టెలు

తమిళనాడు రాజపాళయంలో వసుధ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "వైఫై అక్క" అంటే మాత్రం ఆటోవాడు ఇంకో మాట అడగకుండా ఆమె అంగడి ముందు దింపుతాడు. నెట్టు రాకపోతే వీధి జనం ఆమెనే పిలుస్తారు, మిక్సీ తిరగకపోయినా ఆమెనే పిలుస్తారు. కరెంటుతో నడిచేదంతా ఒక్కటే అని వాళ్ళ ఉద్దేశం. ఆమె కూడా విసుక్కోకుండా వెళ్ళి, మిక్సీ మూత సరిగా పెట్టి వస్తుంది.

ఆ అంగడి ఆమె మామ జగదీశన్‌ది. ఒకప్పుడు మేడ మీద నుంచి మేడ మీదికి కేబుల్ టీవీ వైరు లాగిన మనిషి ఆయన. అదే దారిలో ఇప్పుడు ఇంటర్నెట్టు పోతోంది. టీవీ అంటే ఆయనకు ప్రాణం, ఇంటర్నెట్టు అంటే తలనొప్పి. టీవీ రాకపోతే జనం సాయంత్రం మాత్రమే తిట్టేవాళ్ళట, ఇది రాకపోతే నిద్ర లేచినప్పటి నుంచీ తిడుతున్నారట. అందుకని లైను మొత్తం ఎవరో పెద్ద కంపెనీకి ఇచ్చేయాలని తలచి, "నా అంగడి నేను మూసుకుంటా, నన్నెవరు అడిగేది?" అని కూర్చున్నాడు. కొడుకు బాలాజికి సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేయించే పని. మగ్గాల మోతలో అతనికి ఈ గొడవ వినపడలేదు.

వినపడింది కోడలికే. పెళ్ళై వచ్చిన కొత్తలో ఊరికే బల్ల దగ్గర కూర్చోమంటే కూర్చుని, చూసి చూసి పనంతా నేర్చుకుంది వసుధ. ఊరు ఆమెకంటూ పేరు పెట్టింది ఆ బల్ల దగ్గరే. అంగడి పోతే తాను మళ్ళీ "బాలాజి పెళ్ళాం"గా మిగిలిపోతానని ఆమెకు బెంగ. ఆ బెంగ తలుచుకుంటే అన్నం కూడా సయించేది కాదు.

అలాంటప్పుడు బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. వైఫై పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి కొత్త ఫర్మ్‌వేర్ రాసింది. ఫర్మ్‌వేర్ అంటే పెట్టె లోపల కూర్చుని దాన్ని నడిపించే ప్రోగ్రాము. ఇంకా అందరికీ వదలలేదు, బీటా దశలో ఉంది. వండిన కూరను వడ్డించే ముందు ఎవరో ఒకరు ఉప్పు చూడాలి కదా, ఆ ఉప్పు చూసే పని వసుధ వీధికి ఇస్తామన్నారు.

ఆమె ఆ మాట పట్టుకుని మామ దగ్గరికి వెళ్ళింది.

"మామా, దీపావళి దాకా ఆగండి. ఈ టెస్టు బాగా జరిగితే మన అంగడినే ఈ పక్కకంతా సర్వీసు సెంటరు చేస్తామని చెప్పినారు."

"జరగకపోతే?"

"మీ ఇష్టం."

"వీధిలో ఒక్క మనిషి వాకిట్లోకి వచ్చి అరిచినాడా, ఆ దినమే లైను ఇచ్చేస్తా. మళ్ళ ఏడ్చేదానికి లేదు."

"సరి మామా" అంది వసుధ.

బెంగళూరులో టెస్టు చూసుకునే ఇంజనీరు పాండియరాజన్ ఇక్కడికి దగ్గరి సేత్తూరు వాడు. ఫోనులో తమిళంలో మాట్లాడతాడు, నెమ్మదస్తుడు. రోజూ వాడుకునేట్టే వాడుకోండి, తేడా వస్తే చెప్పండి, టెస్టు అయ్యేదాకా పెట్టెల్ని మాత్రం ఆపకండి అన్నాడు. వసుధ ఇల్లిల్లూ తిరిగి, ఒప్పించి, కొత్త ప్రోగ్రాము ఎక్కించింది. చివరింటి కాళియమ్మాళ్ ఫోనులో వీడియో పెట్టి నైటీలు అమ్ముతుంది. "పోయి పోయి నా నైటీల మీదనా నీ పరీక్ష?" అని సణిగింది. కానీ మర్నాటికి వంటింట్లో కూడా సిగ్నల్ అందేసరికి, పులుసు కలుపుతూ కూడా నైటీలు అమ్మింది. వీధంతా బాగుంది. వసుధకు అన్నం సయించింది.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. అత్త వాసవమ్మ అంగడంతా కడిగించి, స్క్రూడ్రైవర్ మొదలు నిచ్చెన దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టింది. మినుకుమినుకుమంటున్న వైఫై పెట్టె దగ్గర ఆగింది.

"కత్తెరకు, కుట్టు మిషనుకు, మగ్గానికి అన్నిటికీ ఈ పొద్దు విశ్రాంతి. రాత్రీ పగలూ కన్ను మూయకుండా ఉండేది ఇది. దీనికి లేదా, పాపం?"

వసుధకు అది న్యాయంగానే తోచింది. పెట్టెకు బొట్టు పెట్టి పడుకోబెట్టింది. వీధిలో మిగతావాళ్ళకూ చెప్పింది. ఇంటింటా పెట్టెలు పుస్తకాల పక్కన, కత్తిపీటల పక్కన బుద్ధిగా పూజలో కూర్చున్నాయి. ఇంజనీరు మాట ఆమె మరిచిపోలేదు. పూజకు పడుకోబెట్టడం కూడా ఆపడమేనని ఆ వీధిలో ఎవరికీ తోచదు, అంతే.

విజయదశమి పొద్దున అందరూ మంచి గడియ చూసుకుని, హారతి ఇచ్చి, ఒకేసారి స్విచ్చులు వేశారు. పెట్టెల్లో దీపాలు వెలిగాయి. నెట్టు మాత్రం కదల్లేదు. పాట క్లాసు మొదలుపెట్టాల్సిన పిల్లలు నోరు తెరుచుకుని ఫోను వంక చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి వీధి వీధంతా వసుధ వాకిట్లో ఉంది. మళిగై సరుకుల అంగడి సీనివాసన్ అందరికన్నా ముందు నిలబడి, "ఏం వసుధా, పండగ దినం మా మీదనా నీ టెస్టు?" అని అరిచాడు.

అరుగు మీద మరమరాలు నములుతున్న జగదీశన్ తలెత్తి కోడలి వంక చూశాడు. మళ్ళీ మరమరాల పళ్ళెంలో చెయ్యి పెట్టాడు.

వసుధ లోపలికి వెళ్ళింది. పాండియరాజన్‌కు ఫోను కలిపింది.

"కరెంటు పోయిందా మేడం?"

"లేదు సార్."

"పెట్టెల్ని ఎవరైనా ఆపినారా?"

"ఎవరూ ఆపలేదు సార్. సత్యంగా."

అతను ఇంకేదో అడగబోయాడు. అప్పుడే కాళియమ్మాళ్ తలలో పూలతో తన ఇంటి వైపు నుంచి వచ్చింది. ఇంకో పోట్లాట అనుకుంది వసుధ.

"ఏమ్మా, అందరూ ఈడ ఉండారు? మా ఇంట్లో నెట్టు రొంబ జోరుగా పోతా ఉండాదే. కోవెలకు పోయి వచ్చి ఇప్పుడే పెట్టెను వేసినాను."

వసుధ ఆ మాట ఫోనులో చెప్పింది.

"ఇప్పుడే వేసిందా? అంటే అంతదాకా ఆపి పెట్టిందా?"

"పూజకి పెట్టినాం కదా సార్."

"అన్నీనా?"

"అన్నీ."

"ఎవరూ ఆపలేదంటిరే!"

"ఆపలేదు సార్. పూజకి పెట్టినాం."

పాండియరాజన్ నవ్విన నవ్వు ఫోను బయటికి వినపడింది. "మేమూ ఆఫీసులో మిషన్లకు చందనం పూస్తాం మేడం. ఆపే ధైర్యం మాత్రం మాకెవరికీ లేదు" అని, విషయం విప్పి చెప్పాడు. గాలిలో సిగ్నల్ పోవడానికి కొన్ని దారులుంటాయి. పెట్టె మేలుకోగానే ఖాళీ దారి ఏదో చూసి పట్టుకుంటుంది. ఇక్కడ అన్నీ ఒకేసారి మేలుకున్నాయి, అన్నిటికీ ఒకే దారి ఖాళీగా కనిపించింది, అన్నీ అందులోనే దూరాయి. ఆలస్యంగా లేచిన కాళియమ్మాళ్ పెట్టె ఆ తోపులాట చూసి వేరే దారి పట్టింది. రద్దీ చూసి దారి మార్చుకునే పని కొత్త ఫర్మ్‌వేర్‌లో సరిగా జరగడం లేదు.

"తప్పు మాది మేడం. మా పరీక్షల్లో ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. ఇప్పటికి అన్నీ ఆపి, ఒకటి తర్వాత ఒకటి వేయండి."

వసుధ వాకిట్లోకి వచ్చి చెప్పింది. జనం గునిసేలోపే జగదీశన్ మరమరాల పళ్ళెం పక్కన పెట్టి, పంచె ఎగగట్టి వీధి నడుమకు వచ్చి నిలబడ్డాడు. కేబుల్ కాలంలో మేడ మీది మనిషితో మాట్లాడిన గొంతు ఆయనది.

"సీనివాసా, నువ్వు వెయ్యి! వచ్చిందా?"

"వచ్చింది మామా!"

"పక్కింటివాళ్ళు, ఇప్పుడు మీరు! వచ్చిందా?"

"వచ్చింది!"

వసుధ ఇంటింటికీ పరిగెత్తి చూస్తోంది, ఆయన వీధి నడుమ నుంచి కేకేస్తున్నాడు. అరవడానికి వచ్చిన జనమే "వచ్చింది" అని అరుస్తూ నవ్వడం మొదలుపెట్టారు. చివరింటి దాకా వెళ్ళేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆయన్ని వసుధ ఎన్నడూ చూడలేదు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మామ మాట మామదే, ఒక్క మనిషి కాదు, వీధంతా వచ్చి అరిచింది.

దీపావళి లోపే సరిదిద్దిన ఫర్మ్‌వేర్ వచ్చింది. ఇప్పుడు పెట్టెలు ఒక్కొక్కటీ కాసేపు ఆగి, పక్కవాళ్ళను చూసుకుని మేలుకుంటాయి. పెట్టెలన్నిటినీ ఒకేసారి మేల్కొలిపి చూసే పరీక్షకు బెంగళూరులో "ఆయుధ పూజ" అనే పేరు పెట్టారని, సర్వీసు సెంటరు సంగతి పైవాళ్ళు ఒప్పుకున్నారని పాండియరాజన్ చెప్పాడు. వసుధ సంతోషించింది కానీ, మామతో ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు.

ఆ వారంలోనే పెద్ద కంపెనీ మనిషి కాగితాలతో వచ్చాడు. లోపల బల్ల దగ్గర పెట్టె విప్పుతున్న వసుధ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"సార్, అంగడి ఓనరు మీరే కదా? సంతకం పెడితే..."

అరుగు మీద నుంచి జగదీశన్ గొంతు వినపడింది. "నేనా? నేను ఊరికే ఈడ కూర్చుండా. ఓనరు లోపల ఉండాది. ఆయమ్మను అడుగు."

వసుధ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, బయటికి వచ్చింది.

"మా లైను ఇచ్చేది లేదు సార్" అంది.